పోటు వచ్చింది సరే, నీరు మారిందా?

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు ఉప్పుటేటి గట్టున ఒక సాయంత్రం కూర్చుని ఉండగా నీటి మీద నీలంరంగు హవాయి చెప్పు ఒకటి కనిపించింది. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసే సమయం. వార తెగిన ఆ కుడికాలి చెప్పు తీరిగ్గా సముద్రం వైపు సాగిపోయింది. మరునాడు పదకొండింటికి మళ్లీ అక్కడికే వెళ్తే, అదే చెప్పు ఈసారి ఎగువకు ప్రయాణం చేస్తోంది. పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయనకు వింతగా చూపించాను. ఆయన తలెత్తకుండానే, "నిన్న పోయిన నీళ్లే కదా నాయనా ఇవాళ వచ్చింది, చెప్పు మాత్రం ఎక్కడికి పోతుంది" అన్నాడు.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు వివరణ అనుకోవచ్చు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పన్నెండు గంటల పాతిక నిమిషాలకోసారి సముద్రం లోపలికి వచ్చి పోతుంది. కాబట్టి ఉప్పుటేరు రోజుకు రెండుసార్లు కడిగిన గిన్నెలా ఉంటుందని మనలో చాలామంది నమ్మకం. రొయ్యల గుంటల మురుగును వదిలేవాళ్లదీ అదే ధీమా: పాటుకు వదిలేస్తే సముద్రం చూసుకుంటుందిలే అని. కానీ నీరు కదలడం వేరు, నీరు మారడం వేరు. ఉప్పుటేళ్లలో కదలిక ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది. మార్పు ఎంత జరుగుతోందో మాత్రం లెక్క వేస్తే తప్ప తెలియదు.

ఆ లెక్క కష్టమైనదేమీ కాదు. ఏటి మధ్యలో నీరు బాగా వడిగా ఉన్నప్పుడు సెకనుకు అర మీటరు నడుస్తుందనుకుందాం. పాటు మొదట్లోనూ చివర్లోనూ ఆ వేగం దాదాపు సున్నాకు పడిపోతుంది. సగటున సెకనుకు 30 సెంటీమీటర్ల పైచిలుకు తేలుతుంది. పాటు ఆరు గంటలు దాటి నడుస్తుంది కాబట్టి, ఒక పాటులో నీరు ప్రయాణించే దూరం సుమారు 7 కిలోమీటర్లు. అంటే మొగకు, ఏరు సముద్రంలో కలిసే నోటికి, 10 కిలోమీటర్ల ఎగువన ఉన్న చెంబెడు నీళ్లు ఆ పాటులో సముద్రం ముఖమే చూడవు. మూడు కిలోమీటర్లు ఇవతలే ఆగి, పోటుతోపాటు బయలుదేరిన చోటికి తిరిగి వచ్చేస్తాయి. నిజానికి ఎగువకు పోయేకొద్దీ వేగం తగ్గుతుంది, కాబట్టి నడక ఇంకా చిన్నది. ఎగువ గ్రామాల వాళ్లు రోజూ చూసే పోటుపాట్లు చాలా మటుకు తమ నీళ్లు తమ దగ్గరే ఊయలూగడం.

మరి మొగ దాటి సముద్రంలోకి చేరిన నీటి సంగతి? అదైనా పోయినట్టేనా? ఇక్కడ ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. దీపాన్ని మూరెడు దూరం నుంచి ఊదితే ఆరిపోతుంది. అదే దూరం నుంచి గాలిని లోపలికి పీల్చి ఆర్పండి చూద్దాం. ఆరదు. ఊదినప్పుడు గాలి సన్నని ధారగా సూటిగా పోతుంది. పీల్చినప్పుడు నోటి చుట్టూ ఉన్న గాలి అన్ని వైపుల నుంచీ కొద్దికొద్దిగా వస్తుంది. ఉప్పుటేటి మొగ కూడా ఇలాంటి నోరే. పాటుకు నీరు ధారగా సముద్రంలోకి చొచ్చుకుపోతుంది, పోటుకు మొగ చుట్టుపక్కల నుంచి లోపలికి చేరుతుంది. ఈ తేడా వల్లనే మార్పిడి అంటూ కొంత జరుగుతుందని 1952లో స్టామెల్, ఫార్మర్ అనే సముద్ర శాస్త్రవేత్తలు వివరించారు. ధార ఎంత దూరం పోతే అంత మంచిది. మొగ ముందు సముద్రం లోతు తక్కువై, ధార బలహీనంగా ఉంటే, బయటికి వచ్చిన నీరు తీరాన్ని బంకలా అంటిపెట్టుకుని అక్కడే తచ్చాడుతుంది. తర్వాతి పోటు మొదట పీల్చుకునేది దాన్నే. తీరం వెంట పారే ప్రవాహం ఉంటే ఆ నీటిని పక్కకు ఈడ్చుకుపోతుంది. అదీ మంచిదే, ఆ పక్కన ఇంకో ఉప్పుటేటి మొగ లేకపోతే.

ఇప్పుడు ఒక ఊహా ఉప్పుటేరును తీసుకుందాం. పొడవు 10 కిలోమీటర్లు, వెడల్పు 100 మీటర్లు, నిండు పోటులో సగటు లోతు 3 మీటర్లు. మొత్తం 30 లక్షల ఘనపు మీటర్ల నీరు. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం తేడా మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఇది పది మీటర్లు. వాళ్లతో పోలిస్తే మనది పిల్ల పోటు. మీటరు తేడా అంటే మన ఏటిలోంచి ఒక పాటుకు బయటికి పోయేది 10 లక్షల ఘనపు మీటర్లు, అంటే మూడో వంతు. మూడు పాట్లు, ఒకటిన్నర రోజు, ఏరు మొత్తం కొత్తదైపోయిందని సంబరపడేది ఇక్కడే. కానీ బయటికి పోయినదాంట్లో 70 శాతం తిరిగి వచ్చే పాత నీరే అనుకోండి. అప్పుడు ఒక్కో పోటుకు ఏరు మొత్తంలో నిజంగా కొత్తగా చేరేది పదో వంతు. ఏటిలో కలిసిన మురుగు పదింట ఒక వంతుకు పలచబడాలంటే 22 పోట్లు కావాలి. పదకొండు రోజుల పైమాటే.

అది పౌర్ణమి లెక్క. అష్టమి నాటికి పోటుపాట్ల తేడా 40 సెంటీమీటర్లకు పడిపోతుంది. బయటికి పోయేది 4 లక్షల ఘనపు మీటర్లు, అందులో కొత్త నీరు లక్షా 20 వేలు. ఆ వేగంతోనే సాగితే పదింట ఒక వంతుకు పలచబడడానికి దాదాపు నెల పడుతుంది. ఇదంతా నీరు ఏటి పొడవునా చక్కగా కలిసిపోతుందన్న ఉదారమైన ఊహతో వేసిన లెక్క. నిజపు ఏటిలో మొగ దగ్గర రెండు మూడు రోజుల్లో మారే నీరు, తల దగ్గర వారాల తరబడి మారదు.

ఈ అంకెల పక్కన రొయ్యల గుంటల అంకెలు పెట్టి చూస్తే అసలు కథ బయటపడుతుంది. మీటరు లోతున్న ఒక హెక్టారు గుంటలో 10 వేల ఘనపు మీటర్ల నీరు పడుతుంది. టైగర్ రొయ్య రాజ్యమేలిన 1990లలో రోజూ పదో వంతు నీరు మార్చడం మామూలు పద్ధతి. హెక్టారుకు వెయ్యి ఘనపు మీటర్లు తోడి, అంతే నీరు వదలాలి. మన ఊహా ఏటి గట్టున 300 హెక్టార్ల గుంటలుంటే రోజుకు 3 లక్షలు. అష్టమి రోజుల్లో సముద్రం ఆ ఏటికి ఇచ్చే కొత్త నీరు రెండు పోట్లకూ కలిపి 2 లక్షల 40 వేలు. మిగతా 60 వేలు ఎవరివి? ఎదుటి గట్టు రైతు పొద్దున వదిలినవి. ఒకరు వదిలింది మరొకరు తోడుకుంటున్నారన్నమాట. గుంటలు వేరైనా అందరి రొయ్యలూ ఒకే కంచంలో తింటున్నాయి. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చినప్పుడు నెల్లూరు తీరంలో అది ఒక గుంట నుంచి మరో గుంటకు దావానలంలా పాకింది. వైరస్ దేవుడి శాపమో, రొయ్య పిల్లల్లో వచ్చిన లోపమో అని అప్పట్లో నానా మాటలూ అనుకున్నారు. పిల్లల్లో లోపం నిజమే కావచ్చు, కానీ అంత వేగంగా అన్ని గుంటలకూ చేరవేసింది మాత్రం అందరూ పంచుకున్న ఏరే. ఆ తర్వాత 1996 డిసెంబరులో తీరంలోని రొయ్యల గుంటల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాయి. 2009 నుంచి వచ్చిన వనామి రొయ్య సాగులో నీటిని తక్కువగా మార్చడం, చెరువులో నిల్వ చేసి క్లోరిన్ కలిపాకే వాడడం అలవాటయ్యాయి. కోర్టు నేర్పినదానికన్నా నష్టం నేర్పింది ఎక్కువ.

అనుభవమున్న రైతులు పోటు మొదలవగానే మోటారు వేయరు. పోటు మొదట్లో వచ్చేది పాటుతో ఇప్పుడే బయటికి పోయిన నీరని వాళ్లకు ఏ పుస్తకం చదవకుండానే తెలుసు. నిండు పోటుకు కాస్త ముందు, అదీ అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో తోడుకుంటారు. పోటు రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి, ఆ రైతు గడియారం ఊళ్లో మిగతావాళ్ల గడియారంతో ఎన్నడూ కలవదు.

ఇంతవరకూ చెప్పింది ఏ దేశపు ఏటికైనా వర్తిస్తుంది. ఉష్ణమండలపు ఉప్పుటేరుకు సొంత చిక్కులు వేరే ఉన్నాయి. చలిదేశాల నదీముఖాల్లో ఏడాది పొడవునా పైనుంచి మంచినీరు వస్తూ, ఏటిని సముద్రంలోకి నెడుతూ ఉంటుంది. మనకు ఆ నెట్టే చేయి మూడు నెలలే ఉంటుంది. నెల్లూరుకు వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. జనవరి నుంచి ఎగువ నుంచి వచ్చే నీరు సన్నగిల్లుతుంది. పైన సోమశిలలో, 68 టీఎంసీల కండలేరు జలాశయంలో నీళ్లు నిలబెట్టుకున్నాక దిగువకు మిగిలేది ఎంత? నిలబెట్టడం తప్పని కాదు. నెల్లూరు మాగాణికీ చెన్నై కుళాయిలకూ అవి కావాలి. ఆ ఖర్చును ఉప్పుటేటి ఖాతాలో ఎవరూ రాయరు, అంతే.

మే నెలలో ఎండ రోజుకు 6, 7 మిల్లీమీటర్ల నీటిని తాగేస్తుంది. మీటరు లోతున్న ఏటి భాగంలోంచి మూడు నెలల్లో అర మీటరు పైనే ఆవిరి. ఆ లోటును పూడ్చడానికి సముద్రం నీరు పంపుతుంది, కానీ ఉప్పుతో సహా. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు. అర మీటరు ఆవిరై అంతే సముద్రపు నీరు వచ్చి చేరితే లీటరుకు 52 గ్రాములు దాటుతుంది. మొగ మూసుకుపోయి సముద్రం అసలు రాకపోతే 70. రైతు చేతిలో ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో గీత పైపైకి పాకడం, "సెలినిటీ ఎంత?" అన్న ప్రశ్న టీ దుకాణంలో పలకరింపుగా మారడం ఈ నెలల్లోనే.

ఇందులో ఒక మెలిక ఉంది. బాగా ఉప్పెక్కిన నీరు మొగ దగ్గర కాదు, ఏటి నడుమ ఎక్కడో ఒకచోట పేరుకుంటుంది. దానికి ఎగువన కాస్త మంచినీరు ఉన్నా, దిగువన మామూలు సముద్రపు నీరు ఉన్నా, ఈ చిక్కటి ఉప్పునీరు సీసాకు బిరడా బిగించినట్టు అడ్డం పడుతుంది. ఉత్తర ఆస్ట్రేలియా ఏళ్లలో దీన్ని 1980లలో ఎరిక్ వొలాన్‌స్కీ పరిశీలించి వివరించాడు. బిరడా ఉన్నన్నాళ్లూ ఎగువ నీటికి సముద్రంతో సంబంధం తెగిపోయినట్టే. కింద పోటుపాట్లు మామూలుగా ఆడుతూనే ఉంటాయి, అందువల్ల గట్టు మీద నిలబడి చూసేవారికి ఏ తేడా కనబడదు.

నవంబరులో ఒక్క వరద వచ్చి ఆ బిరడాను ఊడదీస్తుంది. అప్పుడు పైన మంచినీరు తేలికగా సముద్రంలోకి పోతుంటే, కింద అడుగున ఉప్పునీరు నిశ్శబ్దంగా ఎగువకు పాకుతుంది. రెండంతస్తుల ప్రయాణం. పైనున్న నీరు చప్పగా ఉందని ముంచి తాగి చూసినవారు, రెండు మూడు బారల తాడుకు డబ్బా కట్టి అడుగు నీరు తీసి చూస్తే ఆశ్చర్యపోతారు. పోటుపాట్ల ఊగిసలాట కన్నా ఈ రెండంతస్తుల పారకం నీటిని మార్చడంలో చాలా చురుకైనది. ఏడాది మొత్తంలో ఏరు నిజంగా కడుక్కునేది ఈ కొన్ని వారాల్లోనే.

సముద్రం కూడా ఏడాదంతా ఒకేలా ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతూ, గంగ, మహానది, గోదావరి, కృష్ణ నదులు బంగాళాఖాతంలో కుమ్మరించిన మంచినీటిని మోసుకొస్తుంది. అప్పుడు మైపాడు ఒడ్డున కాళ్లు తడిపే సముద్రమే కాస్త చప్పబడి ఉంటుంది. ఫిబ్రవరి నాటికి ప్రవాహం తిరగబడి ఉత్తరానికి మళ్లుతుంది. ఇంతకన్నా ఆసక్తికరమైనది సముద్ర మట్టం. అక్టోబరు, నవంబరుల్లో ఈ తీరంలో సగటు సముద్ర మట్టం మార్చి, ఏప్రిల్‌తో పోలిస్తే దాదాపు ఒక అడుగు ఎత్తున ఉంటుంది. పోటే మీటరు ఉన్న చోట అడుగు చిన్న విషయం కాదు. వానాకాలంలో సముద్రం తానే పైకి లేచి నిలబడి, వరద నీరు దిగిపోకుండా కొంత అడ్డుకుంటుంది. వేసవిలో అడుగు కిందికి దిగి, మొగలోని ఇసుక దిబ్బను బయటపెడుతుంది.

దిబ్బ మాట వచ్చింది కాబట్టి మొగ దగ్గర ఆగాలి. నెల్లూరు, ప్రకాశం తీరంలో ఏ మత్స్యకార గ్రామానికి వెళ్లినా వినిపించే ఫిర్యాదు, మొగ పూడిపోయిందని. అలలు తీరం మీద వాలుగా పడుతూ ఇసుకను పక్కకు నడిపిస్తాయి: నైరుతి కాలంలో ఉత్తరానికి, ఈశాన్య కాలంలో దక్షిణానికి. లెక్క తేల్చి చూస్తే ఏడాదికి నికరంగా ఉత్తరానికే ఎక్కువ. చెన్నై ఓడరేవు కట్టాక దక్షిణాన మెరీనా ఇసుక పెరగడం, ఉత్తరాన రాయపురం కోతకు గురికావడం ఈ నడకకు అందరికీ తెలిసిన సాక్ష్యం. ఈ నడిచే ఇసుకకు ఉప్పుటేటి మొగ ఒక గుంత. పూడ్చేయాలని చూస్తుంది. పాటు ధార దాన్ని తోసేయాలని చూస్తుంది. ఎవరిది పైచేయి?

1940లో ఎస్కాఫియర్ అనే అమెరికా ఇంజనీరు దీనికి చక్కని సమాధానం చెప్పాడు. మొగ కాస్త ఇరుకైతే అందులో నీటి వడి పెరుగుతుంది, పెరిగిన వడి ఇసుకను కోసి మొగను మళ్లీ వెడల్పు చేస్తుంది. తనను తాను బాగుచేసుకుంటుందన్నమాట. ఒక హద్దు దాటి ఇరుకైతే మాత్రం రాపిడి పెరిగి వడి తగ్గిపోతుంది. వడి తగ్గితే ఇసుక మేట వేస్తుంది. మేట వేస్తే మరింత ఇరుకవుతుంది. ఇక మూసుకుపోయే దాకా ఆగదు. మొగ నిలవాలంటే ధార వడి సెకనుకు మీటరుకు అటూ ఇటూ ఉండాలి. ఆ వడిని ఇచ్చేది ఏమిటి? లోపల ఎంత విశాలమైన చోట పోటు నీరు పరుచుకుంటుందన్నది. వెనక పది లక్షల ఘనపు మీటర్లు ఉంటే ధారకు బలం ఉంటుంది, నాలుగు లక్షలే ఉంటే ఉండదు.

అందుకే మొగలో జేసీబీలు దింపి ఇసుక తీయించడం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. తీసిన నెలకే పూడిందని పత్రికల్లో వార్త వస్తుంది, గుత్తేదారును తిడతారు. తప్పు అతనిది కావచ్చు, కాకపోవచ్చు. మొగను తెరిచి ఉంచాల్సిన నీరు లోపల లేనప్పుడు ఏ గుత్తేదారు తీసినా అంతే. ఆ నీరు ఎక్కడికి పోయింది? మడ అడవుల్లోకి, చవిటి నేలల మీదికి పోటుకు పరుచుకునే నీరంతా ఒకప్పుడు మొగ ఖాతాలో జమ అయ్యేది. మడ చెట్ల వేళ్ల మధ్య చేరిన నీరు ఆలస్యంగా దిగుతూ, పాటు ధారకు బలం కూడా ఇచ్చేది. ఆ నేలల చుట్టూ కట్టలు వేసి గుంటలు తవ్వాక పోటుకు పరుచుకునే చోటు తగ్గింది. ఎగువన కట్ట వేసిన రైతుకు, పది కిలోమీటర్ల దిగువన పడవ ఇసుకలో ఇరుక్కున్న జాలరికి మధ్య తగవు పెట్టడం నా ఉద్దేశం కాదు, కానీ వాళ్లిద్దరి మధ్య ఉన్న సంబంధం ఇదే.

2022లో జిల్లాల విభజన దాకా చాలా మటుకు నెల్లూరు జిల్లాలోనే ఉన్న పులికాట్‌లో ఇది మరీ పెద్ద అచ్చులో కనబడుతుంది. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. రాయదొరువు, కొండూరుపాళెం, తమిళనాడు వైపు పళవేర్కాడు మొగలు దాని ముక్కుపుటాలు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును అడ్డంగా కోస్తూ వేసిన రోడ్డు కింద నీరు పోయే దారులు కొన్నే. ఉత్తరాన మొగలు పూడిన వేసవిలో ఆ వైపు సరస్సు నీరు ఆవిరై, తెల్లటి ఉప్పు పొర కట్టిన మైదానం అవుతుంది. ఫ్లెమింగోల కోసం శీతాకాలంలో వెళ్లినవాళ్లు ఏప్రిల్‌లో కూడా ఒకసారి వెళ్లి రావాలి. అప్పుడు అక్కడ పక్షులుండవు, బైకులు తిరుగుతుంటాయి.

బకింగ్‌హాం కాలువ గురించి ఒక్క ముక్క. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, తీరంలోని ఉప్పుటేళ్లను దారంతో పూసలు గుచ్చినట్టు కలుపుతుంది. పడవలు నడిచిన రోజుల్లో సరంగులకు తెలిసిన సంగతి: రెండు మొగల నుంచి వచ్చే పోట్లు కాలువలో ఎదురెదురుగా కలిసే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ నీరు లేస్తుంది, దిగుతుంది, అటూ ఇటూ మాత్రం కదలదు. మోసుకొచ్చిన ఒండ్రు అంతా అక్కడే దించుతుంది. కాలువ ముందుగా పూడేది, నీరు ముందుగా కుళ్లేది ఆ చోటే. నీటి మట్టం కొలిచే కర్ర ఒకటి పాతి, రోజూ అడుగున్నర లేస్తోంది కాబట్టి పారకం బాగుందని నివేదిక రాస్తే, కర్ర అబద్ధం చెప్పినట్టు కాదు; అడగాల్సింది దాన్ని కాదు.

మళ్లీ ఆ చెప్పు దగ్గరికి. నీటి మీద తేలే వస్తువుకు వేరే దారి లేదు, నీరు ఎటు ఊగితే అటు. వెంట్రుకంత రొయ్య పిల్ల అలా కాదు. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది బయట సముద్రంలో; పిల్లలు పెరగాల్సింది ఉప్పుటేటి మడ వేళ్ల మధ్య. ఈదే బలం లేని ఆ పిల్ల పోటు మొదలవగానే పైకి లేచి ధారలో పడుతుంది, పాటు మొదలవగానే అడుగుకు దిగి, నీరు నెమ్మదిగా పారే బురదను పట్టుకుని కూర్చుంటుంది. మళ్లీ పోటుకు మళ్లీ పైకి. వచ్చే ధారనే ఎక్కుతూ, పోయే ధారను తప్పించుకుంటూ, కొన్ని రాత్రుల్లో మొగ దాటి ఎగువకు చేరిపోతుంది. నీరు మారకపోయినా తాను చోటు మారగలదు. ఏప్రిల్‌లో మొగ మూసుకుపోతే మాత్రం దిబ్బకు అవతలే నిలిచిపోతుంది.

రెండేళ్ల కిందట అలాంటి ఏప్రిల్‌లోనే ఒక చిన్న మొగ దగ్గర ఊరివాళ్లు పారలతో గండి కొట్టడం చూశాను. నిండు పోటుకు కాదు, సముద్రం బాగా దిగిన పాటు వేళ, లోపలి నీరు ఎత్తున ఉన్నప్పుడు, మూరెడు వెడల్పు కాలువ తీసి వదిలారు. గంటలో అది ఆరు బారలైంది. ఇసుకను నీరే కోసుకుపోతుంటే, పారలు పక్కన పడేసి అందరూ గట్టు మీద కూర్చుని బీడీలు వెలిగించారు.